మనిషికంటె ముందు యంత్రము దిగవలెను



పెద్దతిప్పసముద్రమునకు సముద్రము దూరము. అయినను ఊరి పేరులో సముద్రమున్నది. పెద్ద చెరువును సముద్రమని పిలుచుట రాయలసీమలో ప్రాచీనమైన ఆచారము. వానలు తక్కువగు ఈ మెట్టప్రాంతమున నిండిన చెరువును చూచినవారికి ఆ పేరు అతిశయోక్తి యని తోచదు. అట్టి చెరువుల సంరక్షణకు మన ఉన్నత పాఠశాల విద్యార్థులు తయారుచేయదగిన ఒక చిన్న యంత్రమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

తూము తలుపు బిగుసుకొనినను, తూమునోట కంప అడ్డుపడినను మనమేమి చేయుచున్నాము? నీరుగంటినో, ఈత వచ్చిన యువకునో పిలిచి, నడుమునకు త్రాడు కట్టి దింపుచున్నాము. ఇందలి అపాయమును లెక్కించి చూడుడు. 4 మీటర్ల లోతున, నాలుగువైపుల 30 సెంటీమీటర్లు గల చదరపు రంధ్రము తెరచుకొని, దాని ఆవల కాలువ ఖాళీగా నున్నచో, ఆ రంధ్రమునకు అడ్డుపడిన మనిషిని నీరు సుమారు 360 కిలోల బరువుతో అదిమిపట్టును. కట్టమీద త్రాడు పట్టుకొనిన వారికి అతనిని వెనుకకు లాగుట దుస్సాధ్యము.

కావున మనిషికంటె ముందు ఒక కన్ను నీటిలోనికి దిగవలెను. ఒడ్డున నిలిచి తీగద్వారా నడపగల నీటి అడుగు వాహనమే ఆ కన్ను. 1997లో హ్యారీ బోమ్, విక్కీ జెన్సెన్ అనువారు, సామాన్య సామగ్రితో ఇట్టి యంత్రములను నిర్మించు విధానమును గ్రంథముగా ప్రకటించిరి. దాని ప్రేరణతో 2003లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ‘సీపెర్చ్’ అను బోధనా కార్యక్రమమును ఆరంభించెను. మన దేశమునను 1993లో చెన్నైయందు నెలకొల్పబడిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ లోతు సముద్రములకు దిగు పెద్ద యంత్రములను నిర్మించినది. పరిమాణము వేరైనను మూలసూత్రము ఒక్కటే.

నిర్మాణము కష్టము కాదు. ప్లాస్టిక్ నీటిగొట్టములను చట్రముగా కూర్చి, మూడు చిన్న మోటార్లను బిగింతురు. రెండు మోటార్లు ముందుకు వెనుకకు నడపుటకును, ప్రక్కలకు త్రిప్పుటకును. మూడవది పైకి, క్రిందికి కదల్చుటకును. రేడియో తరంగములు నీటిలో దూరము పోజాలవు గనుక తీగ అవసరము. 12 వోల్టుల బ్యాటరీ, మీటలు ఒడ్డుననే యుండును. గొట్టములకు రంధ్రములు చేసి నీరు నిండనిత్తురు. పైభాగమున బెండ్లు కట్టి, మునుగకయు తేలకయు నిలుచునట్లు సరిచూతురు. మోటారులోనికి నీరు చొరకుండ మైనముతో మూయుదురు. ముందుభాగమున కెమెరా నమర్తురు. మొదటి ప్రయత్నమున నీరు చొచ్చినను నష్టము లేదు. విప్పి, కారణము వెదకి, మరల బిగించుటయే అసలైన విద్య. పుస్తకములోని ఆర్కిమిడీస్ సూత్రము అప్పుడు చేతికి తెలియును.

దీని పరిమితులనుకూడ చెప్పవలసియున్నది. బురదనీటిలో కెమెరా మిక్కిలి చేరువనున్న దానినే చూపును. నీరు పారుచున్న తూమువద్దకు దీనిని పంపరాదు, ప్రవాహము లాగుకొనిపోవును. ఇది తూమును బాగుచేయదు. అడ్డుపడినది కంపయా, రాయియా, పూడికయా యని తెలిసికొనుటకు సహాయపడును. అది తెలిసిన పిమ్మట మనిషి దిగవలసిన పని యున్నదా, కొక్కెముతో లాగిన చాలునా యని కట్టమీదనే నిర్ణయింపవచ్చును.

పంచాయతీ చేయవలసినవి మూడు. మొదటిది, గొట్టములకు, మోటార్లకు, బ్యాటరీకి కొంత ధనము సమకూర్చి, మోటారు పని తెలిసిన స్థానిక మెకానిక్కును పిల్లలకు తోడుగా నియమించుట. రెండవది, పరీక్షలను మొదట నీటితొట్టిలోను, పిదప ఉపాధ్యాయులు, ఈతగాండ్రు దగ్గర నుండగా చెరువు అంచునను జరిపించుట. ఇంటి కరెంటును నీటివద్దకు ఎన్నడును తేరాదు. మూడవది, జలవనరుల శాఖ ఇంజనీరునకు తెలుపక ఎవ్వరినీ తూములోనికి దింపరాదని తీర్మానించుట.

ఈ మూడవ పనికి యంత్రము సిద్ధమగువరకు ఆగనక్కరలేదు. తూమువద్దకు దిగువాడు మన ఊరివాడే. అతని ఇంటివారు కట్టమీద నిలిచి నీటివంక చూచుచుందురు. ఆ తీర్మానమును రాబోవు సమావేశముననే చేయవలసినదిగా మిమ్ము కోరుచున్నాము.