లారీ ఇరుసులోని జంట చక్రములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



హైదరాబాదులోని కోఠి పేరు విననివారు అరుదు. రెసిడెన్సీ అను పెద్ద కోఠిని బట్టియే ఆ పేటకు ఆ పేరు కలిగినది. ఆ రెసిడెన్సీ బజారులోనే 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. దాని స్థాపకులలో ఒకరైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పూనికతో 1906లో హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలి పుట్టినది. చరిత్రను, ప్రకృతి శాస్త్రములను తెలుగువారికి తెలుగులోనే అందించుట ఆ మండలి సంకల్పము.

కోఠికి పోయినవారికి ఒక ప్రక్క పుస్తకముల అంగళ్లు, ఒక ప్రక్క బస్సుల వరుసలు కనబడును. పుస్తకము చదువువాడు బస్సు క్రిందికి వంగి చూడడు. బస్సు క్రింద పడుకొని పనిచేయువానికి పుస్తకము చేరదు. ఈ రెంటి నడుమనున్న దూరమును కొంచెమైనను తగ్గించుటకే ఈ ప్రసంగము.

నిజాము రాజ్యమున 1932లో రైల్వే శాఖ క్రింద 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలైనది. అప్పటి మోటారు బండికైనను, నేడు ధాన్యము మోయు లారీకైనను చిక్కు ఒక్కటే. ఇంజను బలము బండి పొడవునా సాగు కడ్డీ ద్వారా వెనుకకు వచ్చును. చక్రములు తిరుగవలసినది మాత్రము ఆ కడ్డీకి అడ్డముగా. బలమును మూలమట్టముగా మలుపుటకు వెనుక ఇరుసు నడుమ రెండు పళ్లచక్రములు ఉండును. కడ్డీ కొననున్న చిన్నది పినియను. దానితో కలిసి తిరుగు పెద్ద వలయము క్రౌను.

ఎద్దుబండికి ఈ బాధ లేదు. దాని ఇరుసు కదలదు. రెండు చక్రములు వేటికవే తిరుగును. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ తిరిగినను అడ్డు లేదు. లారీలో ఒకే క్రౌను రెండు చక్రములను త్రిప్పవలెను కనుక, ఆ భేదమును సర్దుటకు క్రౌనుకు బిగించిన గూడులో మరికొన్ని చిన్న చక్రములు అమర్చుదురు. అదియే డిఫరెన్షియలు. ఫ్రెంచి గడియారపు పనివాడు పెకూర్ 1827లో దీనికి హక్కుపత్రము పొందెను.

ఇక లెక్క చూడుడు. కొన్ని లారీలలో క్రౌనుకు 41 పళ్లు, పినియనుకు 6 పళ్లు. పినియను సుమారు 6.83 చుట్లు తిరిగిన క్రౌను ఒక చుట్టు తిరుగును. వేగము తగ్గి, ఆ పాళ్లలో లాగు బలము పెరుగును. 42 కాక 41 ఏల? ఆరును నలుబదిరెంటిని భాగించును. అప్పుడు పినియనులోని ఒక్కొక్క పన్ను ఎల్లప్పుడు ఆ ఏడు పళ్లనే తాకును. 41 అయినచో ప్రతి పన్ను ప్రతి పంటిని తాకి తీరును. పినియను 41 చుట్లు తిరిగిన పిమ్మటనే మొదటి జత మరల కలియును. అరుగుదల అందరికి సమముగా పంచబడును.

ఈ రెండు చక్రములను కర్మాగారమున ఒకదానితో ఒకటి ఒరపిడిపెట్టి, రెంటి మీదను ఒకే జంట సంఖ్య చెక్కుదురు. కావున ఒకటి విరిగిన రెండును మార్చవలెను. ఖర్చు తగ్గునని పాత క్రౌనుకు కొత్త పినియను కట్టుట తరచుగా జరుగు పొరపాటు. అరిగిన పంటికి అరుగని పన్ను పొసగదు. కొంతకాలమునకు రెండును పోవును.

పొందిక కుదుర్చుటలో నాలుగు పనులు కలవు.

మొదటిది పినియను లోతు. క్రౌను నడిగీటుకు పినియను ఎంత దగ్గరగా ఉండవలెనో పలుచని రేకులతో నిర్ణయింతురు. వీనినే షిమ్ములందురు. రెండవది బేరింగుల బిగువు. వదులైనచో బరువు పడగానే పినియను తొలగును. మిక్కిలి బిగిసినచో వేడెక్కి చెడును. పినియనుకు దారము చుట్టి, స్ప్రింగు త్రాసుతో లాగి, ఎంత బలమునకు తిరుగుచున్నదో చూతురు.

మూడవది పంటి ఎడము. పినియనును కదలనీయక పట్టి, క్రౌనును ఇటునటు ఆడించి, గడియారము వంటి డయలు గేజీతో ఆ ఆటను కొలుతురు. అది మిల్లీమీటరులో చిన్న భాగము మాత్రమే. ఆ బండికి తగిన అంకె నిర్మాత పుస్తకమున ఉండును. ఎడమే లేకున్న వేడికి ఉబ్బిన పళ్లు ఒరసికొనును, నడుమ నూనె నిలువదు. ఎక్కువైన ప్రతి కుదుపునకు సమ్మెటపోటు పడును. క్రౌనుకు ఇరువైపుల మరలు కలవు. ఒకవైపు ఎంత సడలింతురో రెండవవైపు అంతే బిగింపవలెను. ఇచ్చట ఖర్చు, అచ్చట జమ. మొత్తపు బిగువు మారరాదు.

నాలుగవది ముద్ర. మొదటి మూడు పనులకు ఇదియే సాక్ష్యము. సింధూరమును నూనెలో కలిపి క్రౌను పళ్లకు పూసి చక్రములను త్రిప్పుదురు. పన్ను తాకినచోట రంగు చెరగి ముద్ర పడును. ముద్ర పంటి అంచున ఉన్న పినియను దూరమైనదని అర్థము, లోనికి జరుపవలెను. మొదట ఉన్న మిక్కిలి లోనికి పోయినది, వెలికి తీయవలెను. పంటి పొడవులో క్రౌను నడిమి వైపు కొనకు జరిగియున్న ఎడము పెంచవలెను. వెలుపలి కొనకు పోయిన తగ్గింపవలెను. చేతితో త్రిప్పినపుడు ముద్ర కొంచెము లోపలి కొన వైపుననే ఉండుట మేలు. బరువు పడగానే అది వెలుపలికి వ్యాపించును.

ఇంత సూక్ష్మమెందుకని అడుగవచ్చును. నిండు బరువుతో శ్రీశైలము ఘాటు దిగు లారీని తలపుడు. ఇరుసులో పళ్లు పూర్తిగా తెగినచో ఇంజనుకు చక్రములకు సంబంధము తెగును. బండిని పట్టి ఆపు ఇంజను బలము పోయి, భారమంతయు చక్రముల బ్రేకుల మీదనే పడును. విరిగిన ముక్క నడుమ ఇరుకుకొన్న చక్రములే బిగిసిపోవచ్చును. షెడ్డులో దాటవేసిన ఒక రేకు మందమునకు డ్రైవరు, క్లీనరు ప్రాణములు వెల కాగలవు.

మన షెడ్లలో చేతిచలువ కల పనివారు కొందరు ఇరుసు మ్రోత వినియే తప్పు చెప్పగలరు. వారి విద్య తక్కువది కాదు. కాని చెవి ఎరిగినది చెవితోనే పోవును; వ్రాసినది శిష్యునికి మిగులును. ఆబిడ్సు కాలిబాటల ఆదివారపు పుస్తకాల సంతలో వెదకిన ఇట్టి విషయములపై ఆంగ్లమున పాత పుస్తకములు దొరకవచ్చును. ఆంగ్లము రాని పనివానికి అవి మూసిన పెట్టెలే.

కావున ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయ సభ్యులకు చేయదగిన పని యొకటి కలదు. బీరువాలో ప్రబంధముల ప్రక్కన ఒక ఖాళీ పుస్తకము ఉంచుడు. ఊరి లారీ, ట్రాక్టరు బాగుచేయించిన ప్రతివారు అందులో తేది, జంట సంఖ్య, పంటి ఎడము, వేసిన రేకుల మందము, ముద్ర పడిన చోటు తెలుగులో వ్రాయుడు. వ్రాత రాని పనివాడు చెప్పగా చదువుకొన్న పిల్లవాడు వ్రాయవచ్చును. బండి యజమానులారా, ఇరుసు మూత బిగించుటకు ముందు ముద్ర చూపుమని అడుగుడు. అడుగుట పనివానిని శంకించుట కాదు. మంచి పనివాడు దానిని సంతోషముతో చూపును.