బడిపంతులు వేసట



రచ్చబండ యొద్ద బడిపంతులు ప్రసక్తి వచ్చినప్పుడు తఱచుగా వినబడు మాట యొకటి కలదు. "అయ్యవారి యుద్యోగము వంటి యుద్యోగము లేదు. ఎండ లేదు, వాన లేదు, నీడపట్టున గూర్చుండి జీతము తీసికొనవచ్చును" అని. ఈ మాటను నేను ముప్పదియేండ్లకు పైగా వినియున్నాను. భాషాప్రవీణ పరీక్షలో గృతార్థుడనై, తెలుగు పండితుడనుగా మన్యపుటంచున నున్న యీ గొలుగొండ ప్రాంతమున పనిచేసి, విశ్రాంతి గొన్నవాడను. ఆ మాట యన్నవారిపై నాకు కోపము లేదు. నాగలి పట్టినవాని కన్నులకు సుద్దముక్క పట్టినవాని పని తేలికగానే కన్పడును. చెమట కనబడు శ్రమను లోక మెఱుగును. చెమట కనబడని శ్రమను గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేయుదును.

అలసట వేఱు, వేసట వేఱు. పగలెల్ల కోతకోసి వచ్చిన మనిషి రాత్రి నిద్రించి తెల్లవారునప్పటికి మరల కొడవలి పట్టును. అది యలసట, దానికి నిద్రయే మందు. నిద్రించినను తీరనిది, సెలవులు గడచినను తగ్గనిది, మరునాటి యుదయమున బడిగంట తలంపునకు రాగానే గుండె బరువెక్కించునది వేసట. 1974లో న్యూయార్కు నగరమునందు ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్త్వవేత్త, ఉచిత చికిత్సాలయములో సేవచేయువారియందును తనయందును ఈ స్థితిని గుర్తించి, దానికి ఇంగ్లీషులో "కాలి యుడిగిపోవుట" యను నర్థము గల పేరు పెట్టెను. పిమ్మట క్రిస్టినా మాస్లాక్ అను విదుషి దీనిని శాస్త్రీయముగా పరిశీలించెను. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన పట్టికలో దీనికి మూడు లక్షణములు చెప్పినది. శక్తి యంతయు హరించిపోవుట మొదటిది. చేయుపనియందు మనసు దూరమై ఏవగింపు పుట్టుట రెండవది. తనవలన ప్రయోజనము లేదను భావము మూడవది.

ఈ మూడింటిని బడిలోనికి దెచ్చి చూతము. మొదటిది పంతులు గొంతులోనే కనబడును. నలుబదిమంది పిల్లల సందడిపై దినమునకు నాలుగైదు గంటలు గొంతెత్తి పలుకువానికి సాయంకాలమునకు మాట బొంగురుపోవును. ఏండ్లు గడచినకొలది ఆ బొంగురు నిలిచిపోవును. రెండవది మిక్కిలి దుఃఖకరమైనది. పిల్లవాని పేరు, ఇంటిపేరు, వాని తండ్రి యే కూలికి బోవునో, తల్లి యే సంతలో కూరలమ్మునో యెఱిగిన పంతులు క్రమముగా "ఆ మూడవ వరుసవాడు" అనుట కారంభించును. మూడవ లక్షణమును నేను చెప్పనక్కఱలేదు. "నేను చెప్పినను చెప్పకున్నను ఒక్కటే" యను మాటను ఉపాధ్యాయుల గదిలో గూర్చుండిన ప్రతివాడును వినియుండును.

ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని రోగముగా జెప్పలేదు. వృత్తివలన గలుగు స్థితిగా జెప్పినది. ఈ భేదము పండితుల మాటల పట్టింపు కాదు. రోగమే యైనచో పంతులును వైద్యునియొద్దకు బొమ్మని మనము చేతులు దులుపుకొనవచ్చును. పనివలన గలిగినదైనచో ఆ పనిని చక్కదిద్దవలసియుండును. అప్పుడు పని చెప్పువారికిని, పని చేయించుకొనువారికిని బాధ్యత కలదు.

ఇది క్రొత్తగా వచ్చినది కాదు. ద్రోణాచార్యుని కథ మీ రెఱిగినదే. ధనుర్విద్యలో సాటిలేని యాచార్యుడు తన బిడ్డకు పాలు సంపాదింప లేకపోయెను. తోటి బాలకులు పిండిని నీటిలో గలిపి పాలని చెప్పి యిచ్చిరి. ఆ బాధతోనే ద్రుపదునియొద్దకు బోయి పరాభవము నొంది, తుదకు కురురాజుల కొలువున జేరెను. కొలువున జేరినవాడు కొలువు చెప్పినట్లు నడువవలసి వచ్చును. ఈ కథను అందఱు వీరకథగా జదువుదురు. నేను ఉపాధ్యాయుని జీవనోపాధి కథగా గూడ చదువుదును.

తరువాతి కాలమునకు వత్తము. 1822లో సర్ థామస్ మన్రో చెన్నరాజధానిలోని వీధిబళ్ల లెక్క తీయింప నారంభించెను. 12,498 బళ్లు తేలినవి. 1826లో ఆయన వ్రాసిన వ్రాతలో, పంతులు నెలకు 6, 7 రూపాయలకు మించి గడింపడనియు, ఆ రాబడికి తగినవా రీ వృత్తికి రారనియు నొప్పుకొనెను. వీధిబడి పంతులు ధాన్యమో, కాసులో, దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని యిల్లిల్లు దిరిగి తెచ్చుకొను కట్నములో ఆధారముగా బ్రతికెను. దసరా తిరుగుడును మనము వేడుకగా దలంతుము. పంతులు పక్షమున జూచిన అది సంవత్సరపు బాకీ వసూలు.

1862లో ఇంగ్లండులో ఒక విపరీతపు నిబంధన పుట్టెను. పరీక్షాధికారి వచ్చి పిల్లవానిచేత చదివించి, వ్రాయించి, లెక్క చేయించి, వాడు నెగ్గిన బడికి గ్రాంటు, ఓడిన కోత. మాథ్యూ ఆర్నాల్డ్ అను కవి తానే పరీక్షాధికారి యయ్యును దీనిని తీవ్రముగా నిరసించెను. ఆ పద్ధతి మన రాజధానికిని దిగినది. పంతులు జీతము పిల్లవాని నాలుకపై ఆధారపడెను. చదువు పోయి వల్లెవేత మిగిలెను. తరువాత నా పద్ధతి రెండు చోట్లను తొలగినది. కాని నేడు పట్టణములలోని కొన్ని రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల ర్యాంకుల ప్రకటనలను జూచినప్పుడు, అది తొలగినదా, వేషము మార్చినదా యని నాకు సందేహము గలుగును. అచ్చటి లెక్చరర్లు తెల్లవారకమునుపే స్టడీ అవర్‌కు హాజరై, రాత్రి స్టడీ అవర్ ముగిసినదాక నిలువవలెను. ర్యాంకు వచ్చిన కళాశాల బొమ్మ పత్రికలో బడును. రాకున్న లెక్చరరు మరుసటి యేడు వేఱొక యూరిలో కన్పడును. కోవిడ్ కాలమున బళ్లు మూతబడినప్పుడు ప్రైవేటు ఉపాధ్యాయుల జీతములు నిలిచిపోయి, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ప్రకటింపవలసి వచ్చెను. గురువునకు బియ్యము కొలిచి యిచ్చు కాలము మరల వచ్చెనుగదా యని యానాడు నే ననుకొంటిని.

పూర్వుల పద్ధతిలో ఒక గొప్ప వివేకము కలదు. దానిని మనము చాదస్తమని త్రోసివేసితిమి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వదినములు అనధ్యయనములు. ఉఱుము ఉఱిమినను, ఇంటికి శిష్టుడైన అతిథి వచ్చినను పాఠము నిలుపవలెను. పాడ్యమినాడు చదివినచో చదువు క్షీణించునని చెప్పి భయపెట్టిరి. ఆ భయమునకు లోపల నున్న తత్త్వము నాకు బోధపడినంతవరకు నిది: పక్షమున కిన్ని దినములు గురువు గొంతునకును శిష్యుని తలకును విశ్రాంతి కలుగవలెను, అది యెవని దయపైనను ఆధారపడరాదు. సెలవు కావలెనని గురువు అర్జీ పెట్టుకొన నక్కఱలేదు. తిథియే సెలవిచ్చెడిది.

ఇక మన ప్రాంతపు స్థితి. మా గొలుగొండ మండలము 2022 ఏప్రిల్ 4 వఱకు విశాఖపట్నము జిల్లాలోనిది, ఆనాటినుండి అనకాపల్లి జిల్లాలోనిది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ముట్టడించిన ఠాణా గల కృష్ణదేవిపేట యిందులోనిదే. మైదానము ముగిసి కొండ మొదలగు చోటు. ఇట్టి చోట్ల ఏకోపాధ్యాయ పాఠశాలలు నేటికిని కలవు. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. దాని యనుబంధము ప్రకారము 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకును ఇద్దఱు ఉపాధ్యాయులుండవలెను. ఒక్కడే యున్నచో లెక్క చూడుడు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి పాఠములు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు నాలుగేసి. మొత్తము 18. ఐదున్నర గంటల కాలమును వానికి పంచిన ఒక్కొక్క పాఠమునకు 18 నిమిషములు వచ్చును. అందులోనే హాజరుపట్టీ, అందులోనే బియ్యపు లెక్క, అందులోనే ముక్కు కారుచున్న చంటివాని ముక్కు తుడుచుట.

అదే చట్టము 27వ విభాగమున, జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప బోధనేతర కార్యములకు ఉపాధ్యాయుని నియోగింపరాదని శాసించినది. శాసనము బాగుగనే యున్నది. కాని 2020 మే నెలలో సారాయి దుకాణములు మరల దెఱచినప్పుడు, మా విశాఖపట్నము జిల్లాలోనే ఉపాధ్యాయులను దుకాణముల యెదుట వరుసలు నిలుపుటకు నియోగించిరి. ఆ ఛాయాచిత్రములను దేశమంతయు జూచెను. తాను అక్షరములు దిద్దించిన శిష్యుడు సీసాకై వరుసలో నిలువగా, వానికి చీటీ యిచ్చు గురువు మనసు ఎట్లుండునో మీరే యూహింపుడు. బడుల మరమ్మతుల కొఱకు 2019 నవంబరులో నారంభమైన నాడు-నేడు పథకమున ప్రధానోపాధ్యాయులు సిమెంటు బస్తాలు, ఇసుక లారీలు లెక్కించిరి. బళ్లు బాగుపడినవి, ఆ మాట ఒప్పుకొనకుండుట న్యాయము కాదు. ఐనను లెక్కించిన చేయి పంతులు చేయియే. ఒకప్పుడు మరుగుదొడ్ల ఛాయాచిత్రములను సైతము వారే ఫోనులో బంపవలసి యుండెను. 2022 ఆగస్టులో ముఖము జూపి హాజరు వేయు ఫోను పద్ధతి వచ్చెను. కొండదిగువ నూళ్లలో ఫోను సంకేతము చింతచెట్టు క్రింద నొకటి, గట్టుమీద నొకటి. పాఠ మారంభింపవలసిన వేళ పంతులు ఫోను పైకెత్తుకొని గట్టుమీద నిలుచుట నేను కండ్లార జూచితిని.

నాతో కొంతకాలము పనిచేసిన యువకు డొకడు పిమ్మట ఏకోపాధ్యాయ పాఠశాలకు బదిలీ యయ్యెను. మంచి కంఠము గలవాడు. పద్యమును పాడి చెప్పిన పిల్లలు బడి విడిచినను కదలెడివారు కారు. రెండేండ్ల తరువాత నేను వాని బడికి పోతిని. పద్యము నల్లబల్లపై వ్రాసి "ఎక్కించుకొనుడు" అని కూర్చుండెను. "పాడలేదేమి నాయనా?" అంటిని. "ఎవరికొఱకు మాస్టారూ? పంపవలసిన కాగితములు ఇంకను నాలుగున్నవి" అనెను. వాని భార్య నాతో, ఇంటికి వచ్చి బిడ్డతో సైతము మాటలాడుట లేదనియు, ఆదివారము సాయంకాలమునకే ముఖము వాడిపోవుననియు చెప్పి కంటనీరు పెట్టుకొనెను.

వానికి సహాయపడినది ఆ యూరి రైతు. అఱువదియేండ్ల పెద్ద, తాను చదివినది మూడవ తరగతి. ఆయన ప్రతి యుదయమును బడి యరుగుపై వచ్చి కూర్చుండి, వంటకు బియ్యము, గ్రుడ్లు కొలిపించి, లెక్క చీటీ వ్రాయించి యుంచెడివాడు. సంతకములకని, ధ్రువపత్రములకని వచ్చినవారిని "బడి విడిచినాక రండి" యని యాపెడివాడు. దానివలన దినమునకు ఒకటిన్నర గంట పంతులునకు మిగిలినది. మరుసటి యేడు రెండవ ఉపాధ్యాయిని వచ్చెను. ఆ యువకుడు మరల పిల్లల పేర్లతో పిలుచుచున్నాడు. పాట మాత్రము మునుపటివలె రాలేదు.

ఉపాధ్యాయినుల సంగతి వేఱుగ చెప్పవలెను. ఆమె బడికి వచ్చునప్పటికే ఇంటిలో ఒకపూట పని ముగించి వచ్చుచున్నది. పోయిన తరువాత మఱియొకపూట పని కలదు. నడుమ బస్సు. శుభ్రమైన మరుగుదొడ్డి లేని బడిలో సాయంకాలము వఱకు నీరు త్రాగక గడపిన వారిని నే నెఱుగుదును. మీ యూరి బడికి ఉపాధ్యాయిని వచ్చినచో ముందు విచారింపవలసినది ఈ సదుపాయమును.

పెద్దలైన మీకు నా మనవి. చట్టప్రకారము బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే. ఆ సంఘము కూడినప్పుడు మార్కులు మాత్రమే యడుగకుడు. "అయ్యా, ఈ నెలలో పాఠము కాక తమరిచే నేమేమి పనులు చేయించిరి?" అని యడుగుడు, చెప్పినది వ్రాసికొనుడు. మనుమని మార్కులు తగ్గినవని పంతులును పిల్లల యెదుట నిలదీయకుడు; ఆ యొక్క నిమిషముతో వాని మాటకు తరగతిలో విలువ పోవును. మాటలాడవలసిన దున్న సాయంకాలము పిలిచి కూర్చుండబెట్టి మాటలాడుడు. పంతులు ముభావుడై, నిద్రలేక, చచ్చిపోవుట మేలను మాట నోట వచ్చినచో ఉపేక్షింపకుడు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వ మారంభించిన టెలిమానస్ అను సదుపాయము కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన తెలుగులోనే మాటలాడుదురు, రుసుము లేదు.

సెప్టెంబరు 5న మీరు శాలువ తెచ్చుచున్నారు. సంతోషము. ఈసారి శాలువతోబాటు, బడిలో మంజూరైన ఉద్యోగము లెన్ని, నిండిన వెన్ని యని గూడ అడుగుడు. ఖాళీ యున్నచో మండల విద్యాశాఖాధికారికి సంఘము తరఫున కాగితముపై వ్రాసి యిండు. నోటిమాట గాలికి పోవును. కాగితమునకు కార్యాలయములో సంఖ్య పడును. ఆ సంఖ్యను మీరు వ్రాసి యుంచుకొనుడు.