మూగబోయిన కంప్యూటరు



మొన్న అటకమీది పాత కంప్యూటరు దింపి మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. "పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నారు మావారు. నా ప్రాణం ఉసూరుమంది. మా అమ్మాయి పెళ్ళి ఫోటోలు ఇక అందులోనే ఉన్నాయి మరి! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు ఆల్బమ్ తడిసి ముద్దయిపోయింది.

తొందరపడకుండా గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అదే ప్లగ్గుకి టేబుల్ లైటు పెడితే వెలిగింది. అంటే కరెంటు ఉంది. వైరు మార్చాను. పెట్టె వెనకాల చిన్న స్విచ్చి కూడా చూశాను, వేసే ఉంది. అయినా లోపలి ఫ్యాను తిరగలేదు.

ఫ్యాను తిరిగి, తెరమీద బొమ్మ రాకపోతే, ప్లగ్గు పీకి, ర్యామ్ పట్టీ తీసి, అంచు పొడిగుడ్డతో తుడిచి పెట్టి చూడవచ్చు. అసలు తిరగకపోతే ముందు అనుమానించవలసింది పవర్ సప్లై డబ్బాని. మన విశాఖ ఉప్పుగాలికి తుప్పు పట్టనిదేముంది! ఆ డబ్బా మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది.

మెకానిక్ వచ్చి డబ్బా మార్చాడు. ఫోటోలు దక్కాయి. ఒకవేళ కంప్యూటరు లేవకపోయినా, హార్డ్ డిస్కు బాగుంటే మరో కంప్యూటరుకి తగిలించి ఫోటోలు తీసుకోవచ్చునట. కనుక పారేసేముందు ఒక్కసారి ఆలోచించండి.

సెలవు.