ఖాతా మనది, భద్రత బాధ్యత బ్యాంకుది కూడా
(జహీరాబాద్‌లో జరిగిన మన సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



మనం ఎప్పుడు కలిసినా గిట్టుబాటు ధర గురించి, చెరకు బిల్లు గురించి, అల్లం రేటు గురించి, నిమ్జ్ భూముల పరిహారం గురించి మాట్లాడుకుంటాం. ఆ పైసలు మన ఖాతాలో పడేదాకా కొట్లాడతాం. ఖాతాలో పడ్డాక నిశ్చింతగా ఉంటాం. ఈ రోజు పడ్డ తర్వాత సంగతి చెప్పమని సంఘం నన్ను అడిగింది. ఖాతాలో పడ్డ పైసలు మనకు తెలియకుండా పోతే ఆ నష్టం ఎవరిది? బ్యాంకుదా, మనదా? దీనికి జవాబు 2017 నుంచి కాగితం మీద ఉన్నది. మనకే ఎవరూ చెప్పలేదు.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. మా అక్కకు ఒక బ్యాంకులో జన్‌ధన్ ఖాతా ఉన్నది. పత్తి అమ్మిన పైసలు అందులో వేసుకున్నది. 2024 మే నెలలో ఒకే రోజు పదివేల చొప్పున రెండు సార్లు, మొత్తం ఇరవై వేలు పోయినయి. జూన్‌లో విత్తనాలకు పైసలు తీద్దామని పోతే అప్పుడు తెలిసింది. బ్యాంకులో ఏమన్నారు? "ఆధార్ వేలిముద్రతో తీసిన్రు. వేలు నీది, నువ్వే తీసుకున్నవు." అంతే. అక్క ఇంటికి వచ్చి ఏడ్చింది. ఇంట్లో వాళ్ళు కూడా "ఎవరికి వేలు పెట్టి ఇచ్చినవో గుర్తు చేసుకో" అన్నారు. నేను కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మెసేజ్ ఎందుకు రాలేదని చూస్తే, ఖాతాకు ఇచ్చిన నంబరు మా మేనల్లుడిది. వాడు ఆ సిమ్ వాడటం మానేసి ఏడాది అయింది. అది మా తప్పు. రెండు నెలలు నోటి మాటతో బ్యాంకు చుట్టూ తిరిగాం. అది ఇంకా పెద్ద తప్పు. చివరికి ఒక కాగితం రాసి, తేదీ వేయించి, రసీదు తీసుకున్నాం. అందులో ఒకటే అడిగాం: ఈ పైసలు ఏ ఊళ్ళో, ఏ మిషన్ మీద, ఎన్ని గంటలకు తీశారో చెప్పండి. జవాబు వచ్చింది. వేరే రాష్ట్రంలో, పొద్దున పదకొండు దాటినాక.

ఆ రోజు మా అక్క ఉపాధి హామీ పనిలో ఉన్నది. మస్టర్‌లో పేరు ఉన్నది. పొద్దున హాజరు ఫోటోలో ఉన్నది, మధ్యాహ్నం ఫోటోలో కూడా ఉన్నది. మరి నడుమ రెండు రాష్ట్రాలు దాటి పోయి పైసలు తీసుకొని మళ్ళా తట్ట మోయడానికి వచ్చిందా? ఈ ఒక్క ప్రశ్నకు బ్యాంకు దగ్గర జవాబు లేదు. అయినా పైసలు ఇయ్యలేదు. అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టినాకనే ఇరవై వేలు ఖాతాలో పడ్డాయి. అప్పటికి ఐదు నెలలు దాటింది. అక్క విత్తనాలకు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. ఆ మిత్తి మాత్రం ఎవరూ ఇయ్యలేదు.

వేలిముద్ర ఎట్ల దొంగిలిస్తారు అని మీకు అనుమానం రావచ్చు. 2018లో మన తెలంగాణలోనే, పెద్దపల్లి జిల్లాలో, సిమ్ కార్డులు అమ్మే ఒకతను భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను వెబ్‌సైట్ నుంచి దించుకొని, రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. అంటే మనం భూమి అమ్మినా కొన్నా వేసిన ముద్ర, ఆధార్ నంబరు రెండూ ఒకే కాగితం మీద దొరికేవి. ఓటీపీ చెప్పవద్దు అని అందరూ మనకే నీతులు చెప్తారు. వేలిముద్ర లావాదేవీకి ఓటీపీయే ఉండదు. ఇందులో రైతు చేసిన తప్పు ఏమున్నది?

ఇక రూల్ సంగతి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు మీద ఎంత భారం వేయవచ్చో అందులో ఉన్నది. అదే ఏడాది డిసెంబర్‌లో సహకార బ్యాంకులకు కూడా ఇచ్చింది. ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో జరిగేవే కాదు, ఏటీఎం దగ్గర, దుకాణంలో మిషన్ దగ్గర జరిగేవి కూడా దీని కిందికే వస్తాయి. దాన్ని నాలుగు ముక్కల్లో చెప్తాను, రాసుకోండి.

ఒకటి. తప్పు బ్యాంకుదైతే మన నష్టం సున్నా. మనం ఫిర్యాదు చేసినా, చేయకపోయినా సున్నాయే. బ్యాంకు పెట్టుకున్న బ్యాంకు మిత్ర చేసిన పనికి కూడా ఆ బ్యాంకే బాధ్యత వహించాలి. "ఫెయిల్ అయింది, మళ్ళా వేలు పెట్టు" అని రెండు సార్లు పెట్టించుకొని ఒకసారి పైసలే చేతిలో పెడితే, "అతనితో మాట్లాడుకో" అని బ్యాంకు చేతులు దులుపుకోవడానికి లేదు.

రెండు. తప్పు బ్యాంకుది కాదు, మనది కాదు, నడుమ ఎవడో దొంగ చేశాడు. అప్పుడు బ్యాంకు నుంచి సమాచారం అందిన తర్వాత మూడు పనిదినాల లోపల మనం చెప్తే మన నష్టం సున్నా. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, సెలవులు లెక్కలోకి రావు. శుక్రవారం మెసేజ్ వచ్చింది, మర్నాడు రెండో శనివారం అనుకోండి. సోమ, మంగళ, బుధ, ఇవీ మూడు రోజులు. కానీ అంతదాకా ఆగమని నేను చెప్పడం లేదు. ఆ నిమిషమే చెప్పాలి.

మూడు. నాలుగు నుంచి ఏడు పనిదినాల లోపల చెప్తే మన మీద పడే భారానికి ఒక హద్దు ఉన్నది. జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాకు ఒక్కో లావాదేవీకి 5,000 రూపాయలు. మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000. మన పంట రుణం ఖాతా క్యాష్ క్రెడిట్ కాబట్టి, 25 లక్షల లోపు పరిమితి ఉంటే దానికి కూడా 10,000. పోయింది అంతకంటే తక్కువైతే ఆ తక్కువే. మిగిలింది బ్యాంకు భరించాలి. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న పాలసీ ప్రకారం. ఆ పాలసీని అందరికీ కనిపించేలా పెట్టడం బ్యాంకు పని. అడగండి.

నాలుగు. మనమే పిన్ చెప్పినం, ఓటీపీ ఇచ్చినం అనుకోండి. అప్పుడు ఫిర్యాదు చేసేదాకా పోయింది మనదే. ఫిర్యాదు చేసిన తర్వాత పోయిన ప్రతి రూపాయి బ్యాంకుదే. అందుకే తప్పు చేసిన మనిషి కూడా సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. దొంగ ఒక్కసారితో ఆగడు. ఐదు నిమిషాలు ముందు ఫోన్ చేస్తే రెండో వాయిదా మిగులుతుంది.

ఇంకో రెండు మాటలు ఆ సర్క్యులర్‌లోనే ఉన్నాయి. మనం చెప్పిన పది పనిదినాల లోపల ఆ మొత్తాన్ని, పోయిన తేదీ నుంచి లెక్క వేసి, ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. తొంభై రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. అన్నిటికంటే పెద్ద మాట, తప్పు ఖాతాదారుదే అని రుజువు చేసే భారం బ్యాంకు మీద ఉన్నది. "నువ్వు ఇయ్యలేదని చూపించు" అని మనల్ని అడగడం కాదు, "నువ్వు ఇచ్చినవు" అని వాళ్ళు చూపించాలి. మా అక్కకు మస్టర్ ఫోటోలు దొరికాయి కాబట్టి గెలిచింది అనుకోవద్దు. ఆ ఫోటోలు లేకపోయినా రుజువు చేయాల్సింది బ్యాంకే.

ఇది సుప్రీంకోర్టు దాకా పోయిన మాట. గువాహటిలో ఒక ఖాతాదారుకు 2021లో 94 వేల పైచిలుకు పోయినయి. అతను వెంటనే ఫిర్యాదు చేశాడు. స్టేట్ బ్యాంకు ఒప్పుకోలేదు. గౌహతి హైకోర్టు బ్యాంకే కట్టాలి అన్నది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. అనుమతి లేని లావాదేవీలను పట్టుకునే టెక్నాలజీ బ్యాంకుల దగ్గర ఉన్నది, బాధ్యత తప్పించుకోవడానికి లేదు అన్నది. ఖాతాదారులు కూడా ఓటీపీలు ఇయ్యకుండా జాగ్రత్తగా ఉండాలని చెప్పింది. రెండు మాటలూ మనం తీసుకోవాలి.

మన జాగ్రత్త గురించి నిష్ఠూరంగా మాట్లాడతాను, ఏమనుకోవద్దు. కార్డు కవర్ మీదనే పిన్ రాసి పెట్టేవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. కార్డు, పిన్ రెండూ మందుల దుకాణంలో పెట్టి వచ్చేవాళ్ళు ఉన్నారు. రేపు పైసలు పోతే ఏ సర్క్యులర్ కాపాడదు. రుణమాఫీ జాబితా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు వస్తున్నాయి. సర్కారు ఏ పథకం పైసలైనా ఇయ్యడానికి మన ఫోన్‌లో వాట్సాప్ ఫైల్ ఎక్కించదు. పిల్లలకు ఫోన్ ఇచ్చేవాళ్ళు ఈ ముక్క పిల్లలకు కూడా చెప్పండి.

మొబైల్ నంబరు సంగతి మరీ ముఖ్యం. నంబరు మారితే అదే వారం బ్యాంకులో మార్పించాలి. మూడు రోజుల రూల్ మెసేజ్ మీదనే నడుస్తుంది. చచ్చిన సిమ్‌కు వచ్చిన మెసేజ్ ఎవరు చూడాలి?

ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకునే వీలు ఉన్నది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయవచ్చు. సాయం కావాలంటే 1947కు ఫోన్ చేయవచ్చు. కానీ ఒక చిక్కు ఉన్నది. తాళం వేస్తే వేలు అవసరమైన ప్రతిచోటా మళ్ళా తీయాలి. రేషన్‌కు, పింఛనుకు వేలు పెట్టే ముసలమ్మకు ఇది అయ్యే పనేనా? అందుకే భారమంతా మన మీద వేస్తే ఒప్పుకోవద్దు. ఆధార్ ద్వారా పైసలు తీసే సౌకర్యం నాకు వద్దు అని కాగితం ఇస్తే బ్యాంకు ఆ ఖాతాకు దాన్ని ఆపాలి. అదీ మన డిమాండ్.

పైసలు పోయినట్టు తెలిస్తే ఏం చేయాలి? మొదట 1930కు ఫోన్. ఇది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. దొంగ ఖాతా నుంచి పైసలు ఇంకో ఖాతాకు పోకముందే ఆపించే వీలు అక్కడ ఉన్నది. అట్ల ఆగిన పైసలను లోక్ అదాలత్ ద్వారా బాధితులకు ఇప్పించే పద్ధతి మన రాష్ట్రంలో 2024 నుంచి నడుస్తున్నది. రెండోది, బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, ఖాతా నిలిపించాలి, ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోవాలి. మూడోది, బ్రాంచికి పోయి రెండు కాపీల కాగితం. ఒకటి వాళ్ళకు, ఇంకోదాని మీద ముద్ర, తేదీ. నోటి మాటకు విలువ లేదు. రెండు నెలలు పోగొట్టుకొని నేర్చుకున్న పాఠం ఇది. నాలుగోది, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. 14448కు ఫోన్ చేస్తే ఎట్ల పెట్టాలో చెప్తారు. ఆలస్యం చేయకుండా పెట్టాలి.

చివరగా మన సంఘం పనులు. జహీరాబాద్, కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం, మొగుడంపల్లి, రాయికోడ్ మండలాల్లో ప్రతి బ్యాంకు బ్రాంచికి మనం మెమొరాండం ఇద్దాం. 2017 సర్క్యులర్ సారాంశం తెలుగులో, ఉర్దూలో గోడ మీద పెట్టాలి. మోసం ఫిర్యాదు కాగితం ఇస్తే అక్కడికక్కడే నంబరుతో రసీదు ఇయ్యాలి. వానాకాలం పైసలు పడకముందే ఊరూరా మొబైల్ నంబర్లు సరిచేసే క్యాంపు పెట్టాలి. ప్రతి గ్రామ కమిటీలో చదువుకున్న పిల్లలు ఇద్దరు ఈ పని నేర్చుకోవాలి. కాగితం రాయడానికి వస్తే నా ఇంటి తలుపు తెరిచే ఉంటది.

పైసలు పోయిన మనిషిని "ఎందుకు వేలు పెట్టినవు" అని మొదటి ప్రశ్న అడగవద్దు. నేను అడిగి తప్పు చేసిన. "ఎన్ని గంటలకు పోయినయి, 1930కు చేసినవా" అని అడగండి. ఆ తర్వాత అతని వెంట బ్యాంకుకు పోండి. ఒక్కడు పోతే "రేపు రా" అంటారు. పదిమంది పోతే కుర్చీ వేసి కాగితం తీసుకుంటారు. సంఘం ఉన్నది అందుకే.

సెలవు. జై కిసాన్.