గని కార్మికుని సద్ది

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు వేళకు ముందే ఇంటింట సద్ది సిద్ధమగును. ఆ సద్దిని గూర్చి నేడు కొంత ముచ్చటింప దలచితిమి.

1960వ దశకమున చుట్టుపట్ల పల్లెలనుండి గనులకు వచ్చినవారు జొన్నగటకను, జొన్నరొట్టెను, పుంటికూర పప్పును, ఉలవలను, అనుములను ఎరిగినవారే. పేదవాని తిండి యని తలచి, మనలో పలువురము దానిని విడిచి తెల్లబియ్యమునకు మారితిమి.

ఆ తిండి గుండెకు చేయు మేలెట్టిది? జొన్నలలోను పప్పులలోను పీచు గలదు. పప్పులలోని కరగెడి పీచు ప్రేవులలో పైత్యరసమును పట్టి వెలుపలికి పంపును. తిరిగి పైత్యరసమును తయారుచేయుటకై కాలేయము నెత్తుటిలోని కొలెస్టరాలును వాడుకొనును. ఆకుకూరలలోని పొటాసియము రక్తపుపోటును అదుపున నుంచుటకు తోడ్పడును.

ఐనను పాతదంతయు మేలని మేము చెప్పము. బొగ్గుతట్టలు మోసినవాని ఒంటియుప్పు కొంత చెమటలో పోయెడిది. అతనికి మామిడితొక్కు చెల్లినది. నేడు పలువురు యంత్రములపై కూర్చుండి పనిచేయుదురు. చెమట తగ్గినది, తొక్కు తగ్గలేదు. పెద్దవారికి దినమునకు ఉప్పు 5 గ్రాములలోపే, అనగా చిన్న చెంచాకు మించకుండ, ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన.

కావున సోదరీసోదరులారా, వారమున కొన్ని పూటలైనను సద్దిలో జొన్నరొట్టెకు, పప్పుకూరకు చోటిండు. తొక్కును సగము చేయుడు. రక్తపుపోటునకు మందు వాడువారు మాత్రము దానిని మానరాదు. తిండి మందునకు తోడేగాని బదులు కాదు.