పాత లారీ రంగును కాపాడుకొనుట

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీ యెదుట మేము మాటలాడదలచిన విషయము చూచుటకు చిన్నది. పాత లారీ రంగుపై పడిన గీతలను పోగొట్టుట యెట్లు అన్నదే ఆ విషయము. ఇంతమాత్రమునకు ఒక ప్రసంగము కావలెనా అని మీలో కొందరికి తోచవచ్చును. కాని గుంటూరు, ప్రకాశము సీమలలో బండి కదలనిదే పని సాగదు. మిరప కోతలు మొదలైనవనగా టిక్కీలు నింపుకొన్న లారీలు గుంటూరు మిర్చి యార్డు దారి పట్టును. పత్తి బోరెములు జిన్నింగు మిల్లులకు చేరవలెను. చెత్త తరలించుటకు, వేసవిలో మంచినీరు తోలుటకు పంచాయతీలకును బండ్లు అవసరమగుచున్నవి. క్రొత్తది కొనుటకు నిధులు చాలనప్పుడు చేతులు మారిన బండి వైపు మనస్సు పోవుట సహజము. అట్టి బండిలో ముందుగా కంటబడునది దాని రంగే. నిగనిగలాడు రంగును చూచి మోసపోవుట యొక నష్టము. ఉన్న మంచి రంగును తెలియక పాడుచేసికొనుట మరియొక నష్టము. రెండును ప్రజల సొమ్మునకే తగులును.

రంగు అలంకారము కొరకే అని పలువురి తలంపు. అది సరికాదు. రంగు ఇనుప రేకునకు తొడుగు. నీరును గాలియు రేకును తాకకుండ కాపాడుటయే దాని మొదటి పని. కర్మాగారములో వేసిన రంగు ఒక్క పూత కాదు. రేకుపై తుప్పును ఆపు ప్రైమరు ఉండును. దానిపై రంగు ఉండును. ఇటీవలి బండ్లలో పెక్కింటికి అన్నిటికంటె పైన గాజువలె కనిపించు క్లియర్ కోటు అను పూత ఉండును. ఈ పూతలన్నియు కలిసి సాధారణముగా 100 నుండి 150 మైక్రానుల మందము మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుకలు ఒకటి రెండు చేర్చి పెట్టినచో ఎంత మందమో, బండి రంగంతయు అంత మందము. అందులో క్లియర్ కోటు వాటా ఇంచుమించు మూడవ వంతు.

ఈ లెక్క ఎందుకు చెప్పితిమో వినుడు. పాలిష్ పట్టించినప్పుడు గీత పూడిపోవునని అనుకొందురు. అది పూడదు. గీత చుట్టునున్న పూతను గీత అడుగు మట్టమువరకు అరగదీసినప్పుడే ఆ గీత కనబడకుండ పోవును. పొలములో గుంట పోవలెనని చుట్టునున్న మట్టినంతయు గుంట లోతువరకు చెక్కివేసినట్టిది ఈ పని. కావున పాలిష్ పట్టించిన ప్రతిసారియు రంగులో కొంత భాగము ఖర్చగును. ఆ ఖర్చు తిరిగి రాదు. ఎంత తక్కువ ఖర్చుతో పని ముగించిన అంత మేలు.

ఇక గీతలెట్లు పడుచున్నవో చూతము. ఎండలో ప్రక్కగా నిలబడి చూచినచో లారీ క్యాబిను తలుపుపై సాలెగూడు వలె చుట్టలు చుట్టలుగా సన్నని గీతలు కనిపించును. వీనిని సుడిగీతలు అందము. ఇవి కొమ్మలు తగిలి పడినవి కావు, రాళ్లు ఎగిరి పడినవి కావు. పెక్కు సందర్భములలో ఇవి మన చేతి గుడ్డ వలన పడినవే. ఈ సంగతి మాకు అనుభవము మీద తెలిసినది. మేము ఊరూర తిరుగుటకు వాడిన ప్రచార వాహనమును ప్రతి ఉదయము పొడిగుడ్డతో తుడిపించుచుంటిమి. శుభ్రముగా ఉన్నదని సంతోషించితిమి. ఏడాది తిరుగులోగా దాని నల్లని రంగు బూడిద వన్నెకు తిరిగినది. గుడ్డ క్రింద ఉన్న దుమ్ములో ఇసుక రేణువులున్నవి. ఇసుక రేణువు బండి రంగుకంటె ఎంతో గట్టిది. పొడిగుడ్డతో తుడుచుట యనగా ఉప్పుకాగితముతో రుద్దుటయే. 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుగ ఏర్పడినను ఈ సీమలో దుమ్ము ఒక్కటే. డొంకరోడ్లపై తిరుగు బండిని పొడిగుడ్డతో తుడువరాదు. కిరసనాయిలు, డీజిలు పూసి మెరిపించుటయు మంచిది కాదు. ఆ మెరుపు రెండు రోజులది. ఆ జిడ్డు మరింత దుమ్మును పట్టి ఉంచును, రబ్బరు భాగములను పాడుచేయును.

కడుగవలసిన పద్ధతి యిది. ముందుగా నీటిధారతో దుమ్మును, మట్టిని క్రిందికి జారవిడువవలెను. మిరప టిక్కీలు దించిన బండియైనచో ముక్కునకు గుడ్డ కట్టుకొని, కన్నులు నలుపుకొనకుండ, ఆ ఘాటు దుమ్మును ముందు తడిపి వదలించవలెను. తరువాత రెండు బకెట్లు తీసికొనుడు. ఒకదానిలో బండ్లకు వాడు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో మంచి నీరు ఉంచవలెను. మెత్తని గుడ్డను షాంపూ నీటిలో ముంచి పైనుండి క్రిందికి తిన్నగా తుడువవలెను, చుట్టలు తిప్పరాదు. ప్రతిసారి ఆ గుడ్డను మంచి నీటి బకెట్టులో జాడించినచో ఇసుక అడుగున చేరును. బట్టల సబ్బుపొడి రంగుపైనున్న మైనమును తీసివేయును గనుక దానిని వాడరాదు. ఎండలో కాగిన రేకును కడుగరాదు.

ఇచ్చట పంచాయతీ సభ్యులుగా మీరు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ ప్రాంతమున ఎన్నో ఊళ్లకు సాగరు కుడి కాలువ నీటితో నింపిన చెరువులే మంచినీటి ఆధారము. 1967లో సాగరు కాలువలకు నీరు వదలిన నాటినుండి ఆ నీరు ఎందరి దాహమునో తీర్చుచున్నది. అట్టి చెరువులోనికి, కాలువలోనికి లారీని దింపి కడుగుట మానిపించవలసిన బాధ్యత మీది. డీజిలు జిడ్డు, ఎరువుల పొడి, పురుగుమందు మరకలు ఆ నీటిలో కలియును. బండ్లు కడుగుటకు మంచినీటి చెరువునకు దూరముగ ఒక స్థలమును మీరే చూపవలెను.

బండి ఆరిన పిదప గీత లోతును పరీక్షింపవలెను. ఇందుకు యంత్రమేమియు అక్కరలేదు. గోటిని గీతకు అడ్డముగా మెల్లగా నడుపుడు. గోరు తట్టుకొననిచో గీత పైపూతలోనే ఉన్నది. గోరు తట్టుకొన్నచో అది లోతైనది. మరియొక పరీక్ష కలదు. గీతపై నీరు చల్లుడు. తడిసినంతసేపు గీత మాయమైనచో అది పాలిష్‌తో పోవుటకు అవకాశమున్నది. తడిసినను తెల్లగానో, బూడిద వన్నెగానో, ఎర్రని తుప్పుగానో కనబడినచో అది పాలిష్‌తో పోదు. దానిని రుద్దుట రంగును వృథాచేయుటయే.

పైపూతలోని గీతలకు మాత్రమే పాలిష్ పని తలపెట్టవలెను. ముందు కనబడని చోట అరచేయి వెడల్పున ప్రయత్నించి చూడవలెను. మెత్తని తెల్లగుడ్డపై పాలిష్ వేసి రుద్దినప్పుడు గుడ్డకు బండి రంగు అంటినచో ఆ బండికి క్లియర్ కోటు లేదని గ్రహింపవలెను. అట్టి బండి విషయమున మరింత జాగ్రత్త కావలెను. మొదట మెత్తని పాలిష్‌నే వాడుడు. దానితో పోనప్పుడు మాత్రమే రబ్బింగ్ కాంపౌండు వాడుడు. మొదటనే కాంపౌండునకు పోరాదు. నీడలో, చల్లని రేకుపై, రెండు అడుగుల మేర చొప్పున పని చేయవలెను. గుండ్రముగ తిరుగు యంత్రమును తెలియనివారు పట్టినచో అంచులవద్దను మడతలవద్దను రంగు వేడెక్కి కాలిపోవును. ఆ చోట్ల పూత మరీ పలుచన. కావున అంచులకు టేపు అంటించుట మంచిది. లారీకి ముందు తెలుపు, ప్రక్కల పసుపు, వెనుక ఎరుపు వన్నెలలో అంటించిన మెరుపు పట్టీలను రుద్దరాదు, వానిపై రంగు వేయరాదు. రాత్రివేళ ఆ పట్టీలు కనబడుట వలననే వెనుక వచ్చువారి ప్రాణములు నిలుచును. పని ముగిసిన పిదప వ్యాక్స్ పూయవలెను. అది నీటిని జార్చి రంగును కాపాడును.

లోతైన గీతకు చికిత్స వేరు. ఇనుము కనబడుచున్న చోటును ఆలస్యము చేయక బాగుచేయించవలెను. ఎరువుల బస్తాలు మోసిన బండికి, బాపట్ల చీరాల వైపు ఉప్పుగాలిలో తిరుగు బండికి తుప్పు త్వరగా పట్టును. తుప్పును శుభ్రమైన ఇనుము కనబడువరకు గీకి, ప్రైమరు వేసి, ఆరిన తరువాత రంగు వేయించవలెను. తుప్పుపై రంగు వేసినచో లోపల తుప్పు పెరుగుచునే ఉండును. గోకుటకు నీటితో తడిపిన ఎమరీ కాగితమునే వాడవలెను. కారణము చెప్పెదము. రంగులలో సీసము 90 పీపీఎంకు మించరాదని మన దేశమున 2016లో చేసిన నియమములు 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినవి. అవి ఇండ్లకు, అలంకరణకు వాడు రంగులకు వర్తించును. బండ్ల రంగులు ఆ నియమముల క్రిందికి రావు. కావున పాత లారీ రంగులో సీసముండవచ్చునని తలచి, పొడిగా గోకి ఆ పొడి గాలిలో కలియకుండ చూడవలెను. సీసము పసిపిల్లల మెదడునకు కీడు చేయును. పాఠశాల ప్రక్కన, అంగన్‌వాడీ ప్రక్కన, మంచినీటి బావివద్ద ఈ పని జరుగనీయరాదు. స్ప్రే రంగు వేయువారు తగిన మాస్కు ధరించవలెను. ముఖమునకు రుమాలు కట్టుకొన్నంత మాత్రమున ఆ ఆవిరులు ఆగవు.

తుదకు కొనుగోలు మాట. పాత బండిని ఎండలో, కడిగించి, ఆరిన పిదప చూడుడు. మైనమును, నూనెను పట్టించి గీతలను తాత్కాలికముగ కప్పుట తెలిసిన విద్యయే. రెండు కడుగులకు అవి మరల బయటపడును. ఒక చిన్న అయస్కాంతమునకు పలుచని గుడ్డ చుట్టి తలుపుల అడుగున, చక్రముల పైరేకులవద్ద ఆనించి చూడుడు. ఇనుప రేకుపై అది గట్టిగా అంటుకొనవలెను. ఇనుప రేకే అయియుండి అంటుకొననిచో దాని క్రింద మందముగ పుట్టీ ఉన్నదన్నమాట. పుట్టీ క్రింద తుప్పు ఉండవచ్చును. బాగుచేయించుటకు విజయవాడ ఆటోనగరునకో, గుంటూరు ఆటోనగరునకో పంపునప్పుడు ఏ యే చోట్ల ఏ పని చేయవలెనో వ్రాతపూర్వకముగ జాబితా తీసికొనుడు. ముందును తరువాతను ఫొటోలు తీయించి తీర్మానముతో జతపరచుడు. బండి మొత్తము రంగు మార్చదలచినచో రవాణా శాఖవారిచే రిజిస్ట్రేషన్ పత్రములో ఆ మార్పును నమోదు చేయించవలెను.

సభ్యులారా! బండిపై నాలుగు సన్నని గీతలున్నంత మాత్రమున ఊరికి నష్టము లేదు. వానిని పోగొట్టవలెనను ఆత్రముతో పూతనంతయు అరగదీసినచో నష్టము. నిగనిగలాడు రంగు క్రింద తుప్పును కొనితెచ్చుకొన్నచో అంతకంటె పెద్ద నష్టము. మీ బండిని రేపు ఉదయము ఎండలో ఒకసారి తిరిగి చూడుడు. ఇనుము కనబడు చోట్లను ముందు గుర్తింపుడు, వానిని వానలు రాకముందే బాగుచేయింపుడు. మిగిలిన గీతలు వేచియుండగలవు.