బయాప్సీ కాగితంలో బి3
(మహిళా సదస్సులో చేసిన ప్రసంగము)



రబ్బరు తోటలలో పనిచేసిన మా అవ్వలు రొమ్ము అనే మాట పైకి అనకుండానే వెళ్ళిపోయారు. మేము సభలోనే అంటున్నాము.

బ్రిటిషు పద్ధతి పాటించేచోట రొమ్ము బయాప్సీ ఫలితాన్ని బి1 నుండి బి5 వరకు అంకెలతో రాస్తారు. బి2 హాని లేనిది, బి5 క్యాన్సరు. నడుమనున్న బి3తోనే చిక్కు. ఆ ముక్కను బట్టి ఏదీ తేల్చి చెప్పలేరు. అన్నం ఉడికిందా అని ఒక్క మెతుకు పట్టి చూస్తాము గదా. ఇక్కడ ఆ లెక్క కుదరదు, పక్క మెతుకు వేరుగా ఉండవచ్చును. సూది తీసేది దారపు పోగంత కండ మాత్రమే. అందుకే వాక్యూమ్ సూదితోనో, చిన్న ఆపరేషనుతోనో మరికొంత తీసి చూస్తారు. బి3 వచ్చినవారిలో ఎక్కువమందికి చివరకు క్యాన్సరు ఉండదు. అయినా మళ్ళీ రమ్మంటే వెళ్ళి తీరాలి.

మా రాత్రి తరగతిలో ఒక అక్క ఆ కాగితాన్ని మూడు వారాలు బియ్యపు డబ్బాలో దాచింది. ఆ మూడు వారాలూ నిద్ర లేదు. అటువంటివారితో "ఏమీ కాదులే" అనకండి, పక్కన కూర్చోండి. డాక్టరును అడగవలసినవి తెలుగులోనే రాసుకోండి: ఏ మార్పు కనిపించింది? అటిపియా ఉందా? ఇక ఏం చేస్తారు, ఎప్పుడు?

తోడు కావలసినవారు తరగతి ముగిశాక మాతో చెప్పండి. కారు ఉంది.